చెట్టు పోయినా పేరు నిలవాలి: బోన్సాయ్ చిట్కాలు

వనపర్తిలో మా పెద్దనాయిన ఇంటి మిద్దె మీద ఒక మర్రిచెట్టు ఉంది. నాలుగు వేళ్ల లోతు పళ్లెంలో, మూరెడు ఎత్తున, సన్నటి ఊడలు దించుకుని నిలబడి ఉంటుంది. ఇరవై రెండేళ్లుగా దాన్ని ఆయనే చూసుకుంటున్నాడు. ఎండాకాలమైతే పొద్దున ఒకసారి, మునిమాపున ఒకసారి నీళ్లు. మార్చి మొదలు పచ్చ నెట్టు కింద నీడ. రెండేళ్లకోసారి వానలు పడగానే చెట్టును పళ్లెంలోంచి ఎత్తి, వేర్లలో మూడో వంతు కత్తిరించి, మట్టి మార్చి మళ్లీ కూర్చోబెట్టడం. నా పెండ్లి నాగర్‌కర్నూల్‌లో అయింది. తలంబ్రాలు కాగానే ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. "బువ్వ తిని పో పెద్దనాయినా" అంటే, "పొద్దుగూకే లోపల నీళ్లు పోయాల్రా, పళ్లెం కాలుతుంటది" అని బస్టాండుకు నడిచాడు.

ఆ రోజు మనిషి విస్తరి ముందు కూర్చోలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. పాలమూరు గడ్డ మీద ఇంకొకరు ఇలా చెట్టుకు కట్టుబడిపోకూడదని ఇది రాస్తున్నాను.

బోన్సాయ్‌కి గౌరవం ఉంది. ఆ గౌరవం మీకూ దక్కాలి. కానీ దానికి ఇరవై రెండేళ్లు ఎందుకు? గద్వాలలో ఏడేళ్లలో నేను పదకొండు బోన్సాయ్‌లు ముగించాను. ముగించడం అంటే మొక్క తేవడం, పక్కన నిలబడి ఫొటో దిగడం, నలుగురిలో పేరు తెచ్చుకోవడం, ఇక నీళ్లు పోసే పని లేని స్థితికి దాన్ని చేర్చడం. నా చేతిలో ఒక్కోదానికి ఎనిమిది వారాలు పట్టింది. మీరు శ్రద్ధగా పాటిస్తే ఆరు వారాల్లో అయిపోతుంది.

జపాను భాషలో బోన్సాయ్ అంటే పళ్లెంలో నాటడం. ఈ విద్య చైనాలో పుట్టి జపానులో స్థిరపడింది. మనవాళ్లు వామన వృక్షం అన్నారు. ఏ పేరులోనూ పెంచాలని లేదు. నాటితే మీ వంతు పూర్తయినట్టే.

1. త్వరగా పోయే మొక్కనే ఎంచుకోండి.

మర్రి, రావి, జువ్వి, సీమచింత, కాగితప్పూలు, అడీనియం జోలికి వెళ్లకండి. ఇవి మన ఎండకు తట్టుకునే జాతులు. వేళ్లు కత్తిరించినా, నీళ్లు మరిచినా మళ్లీ చిగురిస్తాయి. ఒకసారి ఇంట్లోకి వచ్చాయంటే మీ బతుకంతా చెంబు పట్టుకుని తిరగాలి. జపాను మేపుల్ కొనండి, లేదా తెల్ల పైన్ కొనండి. వాటికి ఏటా కొన్ని నెలలు గట్టి చలిలో నిద్ర కావాలి. మన గద్వాల నడిగడ్డలో పుష్యమాసం చలి దుప్పటికి సరిపోతుందే గాని వాటి నిద్రకు సరిపోదు. ఆ తర్వాత మే నెలలో 43 డిగ్రీలు. పని మొత్తం వాతావరణమే చేసిపెడుతుంది.

పంచాయతీ నర్సరీ మొక్క ఉచితమని ఆశపడకండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఎవరో ఒకరు పుస్తకం పట్టుకుని వచ్చి "మొక్క ఏదన్నా?" అని అడుగుతారు. మనం వద్దనుకునేది సరిగ్గా ఆ ప్రశ్ననే.

2. "బోన్సాయ్ విత్తనాలు" అని అమ్మే పొట్లాలు కొని దగ్గర పెట్టుకోండి.

బోన్సాయ్ అనే జాతి లేదు, కాబట్టి దాని విత్తనమూ లేదు. పొట్లంలో ఉండేవి మామూలు చెట్ల గింజలే. అందుకే గృహప్రవేశాలకు, రిటైర్మెంటు సన్మానాలకు కానుకగా ఇవ్వండి. ఖర్చు తక్కువ, పేరు ఎక్కువ. చెట్టు రాకపోతే తప్పు వాళ్ల చేతిది.

3. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే పిట్టగోడ మీది రావి మొక్కను పీకండి. కానీ ముహూర్తం చూసుకోండి.

పాత ఇండ్ల గోడల్లో, బావి గట్ల పగుళ్లలో పక్షులు వేసిన గింజల నుంచి రావి, మర్రి మొలుస్తాయి. బోన్సాయ్ మొదలుపెట్టే వాళ్లు సాధారణంగా అక్కడే వెతుకుతారు. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక, గోడ నానాక, సుత్తి ఉలితో సున్నం రాల్చి, వేరును చివరిదాకా తీసి తడి గోనెలో చుట్టి తెస్తారు. దీనికి సగం రోజు పోతుంది. పైగా అలా తెచ్చింది తొంభై పాళ్లు బతుకుతుంది.

మీరు రోహిణి కార్తె ఎంచుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నర మంచి సమయం, గోడ వేడిగా, గట్టిగా ఉంటుంది. కాండం మొదట్లో రెండు చేతులతో పట్టి ఒక్క గుంజు గుంజండి. వేరు గోడలోనే ఉండిపోతుంది, మాను మీ చేతికొస్తుంది. స్కూటరు ముందు నిలబెట్టి, ఏమీ చుట్టకుండా, ఎండలో ఇంటికి తెండి. దారిలో కనబడిన ప్రతివాడికీ ఆగి చూపించండి.

4. చిల్లు లేని పళ్లెం, జల్లించని నల్లరేగడి.

బోన్సాయ్ పళ్లెం అడుగున పెద్ద పెద్ద చిల్లులుంటాయి. వాటి మీద జాలీ వేసి, చెట్టు కదలకుండా ఆ చిల్లుల్లోంచి సన్న తీగ దూర్చి వేర్లను పళ్లేనికి కట్టేస్తారు. అదంతా మీకెందుకు? ఇంట్లో బిర్యానీ వడ్డించే స్టీలు పళ్లెం తీసుకోండి. చిల్లు లేదు కాబట్టి బండ మీద మరక పడదు, ఇంట్లో మాట పడదు.

మట్టి విషయంలో పెద్దనాయిన చాదస్తం చెప్పాలి. ఇటుకను గోధుమగింజంత ముక్కలుగా కొట్టి, ఎర్రమట్టి కలిపి, రెండు జల్లెడలు పట్టి, దుమ్మంతా పారబోస్తాడు. గింజ గింజకూ మధ్య గాలి ఆడాలంటాడు. జపాను వాళ్లు ఇందుకోసం అకడామా అని గింజలు గింజలుగా ఉండే మట్టినే తవ్వి అమ్ముతారు. మనకు అలంపూర్ తోవలో కావలసినంత నల్లరేగడి ఉంది. తెచ్చి నింపి, కాలి మడమతో తొక్కండి. తడిస్తే ఉబ్బి గాలి చొరనివ్వదు, వేరు కుళ్లుతుంది. ఎండితే నెర్రెలిచ్చి ఆ నెర్రెలే మిగిలిన వేర్లను తెంపుతాయి. మీరు కత్తెర పట్టే పని లేకుండా వేళ్ల కత్తిరింపు కూడా దానంతటదే జరిగిపోతుంది. ఇంత మేలు చేసే మట్టి కాళ్ల కింద ఉండగా ఇటుకలు కొట్టుకునే మనిషిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

5. నీళ్లు ఆదివారం పోయండి.

ఇది అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా, నిదానంగా చదవండి. పళ్లెం లోతు తక్కువ కాబట్టి మే నెల ఎండలో పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి ఉండవు. పెంచేవాళ్లు వేలు గుచ్చి చూసి, తడి లేకపోతే పోస్తారు, ఉంటే ఆగుతారు. రోజూ వేలు గుచ్చుకుంటూ కూర్చుంటే మనిషి ఏ పనికీ పనికిరాడు. వారానికి సరిపడా నీళ్లు ఒకేసారి, ఆదివారం, బకెట్ నిండా పోయండి. సోమవారం వేరు మునిగి ఉంటుంది, గురువారం ఎండి ఉంటుంది. రెండు రకాల కష్టమూ ఒకే వారంలో అయిపోతుంది.

ఏ నీళ్లు? కూలర్ అడుగున మిగిలినవి. బోరు నీళ్లలో ఉప్పులుంటాయి. కూలర్‌లో నీరు ఆవిరవుతూ ఉప్పులను అడుగున వదిలేస్తుంది. వారం రోజులు తిప్పాక మిగిలిన బకెట్ నీళ్లు చాలా చిక్కనివి. పారబోయడానికి ఎలాగూ లేవాలి, మొక్క మీదే పారబోయండి. మూడు వారాల్లో మట్టి మీద తెల్లటి పొర కడుతుంది. "పాత పళ్లెం, పాత మట్టి" అని చూపించడానికి అది పనికొస్తుంది. ఆ తర్వాత ఆకు అంచులు మాడి రాగిరంగు తిరుగుతాయి. అప్పుడు దగ్గరివాళ్లను టీకి పిలవండి. జపానులో శరదృతువులో ఆకులు రంగు మారితే జనం రైళ్లెక్కి చూడటానికి వెళ్తారు. మీ వరండాలో అది ఏప్రిల్‌లోనే వచ్చిందని చెప్పండి.

ఊరికి వెళ్లాల్సి వస్తే పక్కింటి పిల్లగాడికి అప్పజెప్పండి. ఎన్ని నీళ్లు, ఎప్పుడు అనేది మాత్రం చెప్పకండి. చెబితే వాడు పోస్తాడు. చెప్పకపోతే తర్వాత "వానికి అప్పజెప్పిపోయిన" అనొచ్చు.

6. టీవీ మీద పెట్టండి.

ఎండ తగలకూడదు. మర్రి జాతి మొక్క వెలుతురు తగ్గిన రోజు నుంచే ఆకు రాలుస్తుంది, ఊడ్చే పని వారంలో తీరిపోతుంది. పైన ఫ్యాను ఐదులో ఉంచండి.

7. తీగ చుట్టండి, విప్పకండి.

కొమ్మను వంచడానికి మెత్తటి అల్యూమినియం తీగ వాడతారు. నలభై ఐదు డిగ్రీల వాలున చుట్టి, వానాకాలంలో కొమ్మ తొందరగా లావవుతుంది కాబట్టి రెండు మూడు వారాలకోసారి చూసి, తీగ బెరడులోకి దిగకముందే ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీస్తారు. విప్పితే కొమ్మ విరుగుతుందని ఆ జాగ్రత్త.

ఇల్లు కడుతున్న చోట సెంట్రింగు వాళ్ల దగ్గర బైండింగ్ వైరు తుంపులు పడి ఉంటాయి. ఏరుకురండి. కటింగ్ ప్లేయరుతో బిగించండి. తీగ తుప్పు పడుతుంది, బెరడు దాని మీదుగా ఉబ్బి, మింగి, పాము చుట్టుకున్నట్టు గుర్తులు పడతాయి. ఆ గుర్తులను వయసు ముడతలు అనండి. కొమ్మ విరిగిందా, గమ్ పెట్టి అతికించి ఆ వైపు గోడకు తిప్పండి.

8. ఆకులన్నీ ఒకేసారి దులపండి, తర్వాత "జిన్" అనండి.

బలంగా ఉన్న మర్రి, జువ్వి మొక్కలకు ఆకులన్నీ తుంపి చిన్న ఆకులు రప్పించే పద్ధతి ఒకటుంది. మీరు గోడలోంచి పీకిన మొక్కకు నాటిన మూడో రోజే అది చేయండి. వేరు లేదు, ఆకూ లేదు, ఇక దాని దగ్గర ఖర్చు పెట్టడానికి ఏమీ మిగలదు. రెండు వారాల్లో గోరుతో గీకితే లోపల పచ్చదనం కనబడదు.

ఇక్కడే చాలామంది బెంగపడి పళ్లెం పారేస్తారు. వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది, గెలిచే క్షణంలో బరి వదిలి వెళ్లిపోతున్నారు. జపాను వాళ్లు కొమ్మ చివర బెరడు ఒలిచి ఎండు మోడుగా వదలడాన్ని జిన్ అంటారు. కాండం పొడుగునా ఒక పట్టీగా బెరడు ఒలిస్తే షారి. కొండ మీద పిడుగుపడ్డ చెట్టులా కనబడాలని అది. తెల్లగా నిలవడానికి సున్నమూ గంధకమూ ఉడికించిన ద్రావణం పూస్తారు. వాళ్లు ఎన్నో ఏళ్లు కష్టపడి ఒక కొమ్మకు చేసేది మీ చెట్టుకు వేరు నుంచి కొస దాకా వచ్చేసింది. బెరడు ఒలవండి, గోడకు వేసిన సున్నం మిగిలితే రెండు కోట్లు వేయండి. వెనకాల మీ ఇంటావిడ గద్వాల చీర అంచు కనబడేలా పరిచి ఫొటో తీయండి. చూసేవాడి కన్ను ముందు జరీ మీదికే పోతుంది.

నేల మీద మాత్రం పెట్టకండి. ఎండు కర్రకు చెద పడుతుంది, చెద పట్టిందంటే మళ్లీ పని మొదలు.

9. పండ్లు కట్టేటప్పుడు కొలత చూసుకోండి.

బోన్సాయ్‌లో ఆకు చిన్నదవుతుంది గాని పండు చిన్నదవదు. దానిమ్మ బోన్సాయ్‌కి కాస్తే మామూలు దానిమ్మంత పండే కాస్తుంది. ఈ సంగతి మీకు బాగా కలిసొస్తుంది. నల్ల దారంతో రేగుపండ్లు కట్టండి, ఎవరూ అనుమానించరు. కొల్లాపూర్ మామిడి కట్టాలని నాకు చాలా ఆశ ఉండేది, కట్టాను కూడా. ఆ బరువుకు పళ్లెమే బోర్లాపడింది. రేగుపండు దగ్గరే ఆగండి.

10. వయసు ఎప్పుడూ మూడంకెల్లో చెప్పండి.

చెట్టును కోస్తేనో తొలిస్తేనో తప్ప వలయాలు లెక్కపెట్టలేరు. మీ బోన్సాయ్‌ను కొయ్యనివ్వమని అడిగేవాడు లేడు. కాబట్టి వయసు మీ ఇష్టం.

వాషింగ్టన్‌లోని బోన్సాయ్ మ్యూజియంలో ఒక తెల్ల పైన్ ఉంది. 1625 నుంచి పెంపకంలో ఉన్న చెట్టు. హిరోషిమాలో యమకి అనే కుటుంబం తరతరాలుగా చూసుకుంది. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, వాళ్ల ఇంటి ప్రహరీ చాటున ఉండి బతికింది. మసారు యమకి 1976లో దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చాడు. బాంబు సంగతి అక్కడి వాళ్లకు 2001లో ఆయన మనవలు చూడటానికి వచ్చినప్పుడుగాని తెలియలేదు. ఇరవై అయిదేళ్లు అంత గొప్ప కథ ఎవరి నోటా రాలేదు! నాకు ఆ చెట్టు మీద ఎంత గౌరవమో అంత దిగులు. మీరు ఆ పొరపాటు చేయకండి. మొక్క ఇంటికొచ్చిన సాయంత్రమే కథ చెప్పేయండి.

మన దగ్గర కథకు కొదవ లేదు. పాలమూరు పిల్లలమర్రి వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు, మూడెకరాల పైన పరుచుకుని ఉంది. 2016 అక్టోబరు 11 దాకా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పాలమూరు జిల్లాలోనివే. కాబట్టి "మా జిల్లా మర్రి కొమ్మే ఇది, జిల్లా విడిపోకముందు మా తాత తెచ్చిండు" అనండి. రావి మొక్కకు కూడా ఇదే చెప్పొచ్చు, మోడుకు ఆకు లేదు కదా పోల్చడానికి. గద్వాల వాళ్లయితే సంస్థానం కాలం అనండి, వనపర్తి వాళ్లూ అదే అనండి. అచ్చంపేట వైపు వాళ్లకు నల్లమల పేరు వాడాలని నోరూరుతుంది, వద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి మొక్క తేవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. నల్లమల మొక్క అని నేను ఒక పెండ్లిలో చెబితే, పక్కన కూర్చున్నాయన అటవీ శాఖలో పనిచేస్తాడని తర్వాత తెలిసింది. మరునాడు ఉదయాన్నే వచ్చి, ఆ మోడు గోడలోంచి పీకిన రావి అని నేను ఒప్పుకునేదాకా కదల్లేదు.

11. సెలైన్ బాటిల్ వేలాడదీయండి.

2018లో పిల్లలమర్రికి చెద పట్టి కొమ్మలు కూలుతుంటే, అటవీ సిబ్బంది చెద మందును నీళ్లలో పల్చగా కలిపి సెలైన్ బాటిళ్లతో చుక్క చుక్కగా మానులోకి ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద ఆసరా కట్టారు. ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఆ శ్రమంతా మీరు పడక్కరలేదు, ఆ ఫొటో ఒక్కటి చాలు. ఖాళీ బాటిల్ కడిగి మంచినీళ్లు నింపి, క్యాలెండర్ మేకుకు తగిలించి, పైపు మోడుకు దారంతో కట్టండి. ఇంటికొచ్చినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇంకెన్నాళ్లు పెడతారని ఒక్కరూ అడగరు.

12. సాకులు నెలవారీగా రాసి పెట్టుకోండి.

మార్చి నుంచి జూన్ దాకా ఎండ అనండి, ఎవరూ కాదనరు. జూలై నుంచి వేరుకుళ్లు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా బంగారం లాంటి సాకు ఉంది: "నిద్రలో ఉంది." మేపుల్ లాంటి చలిదేశపు చెట్లు నిజంగానే ఆ నెలల్లో ఆకు రాల్చి నిద్రపోతాయి. నాలుగు నెలలు మోడు ముందు కూర్చుని గర్వంగా టీ తాగొచ్చు. కోతులు ఏ నెలకైనా పనికొస్తాయి. "కోతి పీకేసింది" అంటే మన మూడు జిల్లాల్లో రుజువు అడిగే మనిషి లేడు, పైగా వాళ్ల ఇంటి కోతుల కథ చెప్పడం మొదలుపెడతారు.

ఇక దిష్టి. మొక్కను ఎవరు బాగుందన్నారో గుర్తుపెట్టుకోండి. నెల తర్వాత వాళ్లకు ఫోన్ చేసి, ఎవరినీ అనకుండా, "ఆ రోజు మీరు చూసిపోయినంక ఎందుకో వాడిపోయింది వదినా" అనండి. చాలు. నా పదకొండు మొక్కల్లో మూడు అలా వాళ్లు నొచ్చుకుని తెచ్చిచ్చినవే, ఒకటి పింగాణీ పళ్లెంతో సహా వచ్చింది.

13. ఇంత చేసినా చిగురేస్తే.

వేస్తుంది ఒక్కోసారి. నా తొమ్మిదోది రావి. పైన చెప్పినవన్నీ చేశాను, కూలర్ నీళ్లు, బైండింగ్ వైరు, సున్నం అన్నీ. ఎండిపోయిందని మిద్దె మూలన పడేశాను. శ్రావణంలో చూస్తే సున్నం పొర పగిలి, కాండం మొదట్లో ఎర్రటి చిగురు రెండాకులు, వేలి గోరంత. చూసి నాకు చెమటలు పట్టాయి. ఆ రాత్రి నిద్ర రాలేదు, పొద్దున లేస్తే దానికి నీళ్లు పోయాల్సి వస్తుందని.

మీకు ఇలా జరిగితే కంగారు పడకండి. ఆ రోజే బస్సెక్కండి. నేను గద్వాల నుంచి వనపర్తికి ఒడిలో పెట్టుకుని తీసుకెళ్లాను. పెద్దనాయిన తలుపు తీసి దాన్ని చూశాడు, నన్ను చూడలేదు. పళ్లెం అందుకుని, నీడలో పెట్టి, చిన్న కటింగ్ ప్లేయరుతో తీగను ఒక్కో చుట్టూ తెంపుతూ పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. "బతుకుతదా?" అంటే, "సూద్దాం" అన్నాడు. బువ్వ కూడా ఆలస్యంగా తిన్నాడు.

మీ బంధువుల్లో అలాంటి మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు, వెతకండి. ఇచ్చేటప్పుడు పళ్లెం అంచున మీ పేరు పెయింటుతో రాయించండి. ఏటా ఉగాదికి వెళ్లి దాని పక్కన నిలబడి ఫొటో దిగండి. నా రావి ఇప్పుడు జానెడున్నర ఉంది, ఆకులు అణా కాసంత. పోయిన ఉగాదికి ఫొటో తీసింది పెద్దనాయినే. "జర పక్కకు జరగరా, ఎండ అడ్డమొస్తున్నవ్ దానికి" అన్నాడు.